వెన్నుపాము మీద ఒత్తిడి: గుర్తించవలసిన సూచనలు, అందవలసిన చికిత్స

(తొప్పూరులో తెలుగువారి ఆరోగ్య సభలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



తొప్పూరు పేరు వినగానే మన తెలుగు లారీ డ్రైవర్లకు ముందుగా గుర్తుకు వచ్చేది ఇక్కడి కనుమ దారి. ఆదిలాబాదు, హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి బెంగుళూరు, హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి దాటి, ఇక్కడ సేలం వైపు కొండ దిగుతుంది. బ్రతుకుతెరువు కోసం మనలో చాలామందిని ఈ పట్టణాలకు తెచ్చిన దారి ఇదే. ఈ దిగుడులోనే బ్రేకులు పట్టు తప్పిన బండ్లు ముందున్న బండ్ల మీద పడి, మెడలు, నడుములు విరిగినవారు ఆసుపత్రులకు చేరుతూ ఉంటారు.

అయితే వెన్నుపాముకు ముప్పు రోడ్డు మీద ఒక్కచోటనే లేదు. మనం ఏళ్ళ తరబడి త్రాగిన బోరు నీటిలో ఉండవచ్చు. మధ్యలో మందులు మానేసిన క్షయలో ఉండవచ్చు. వయసుతో అరిగిపోయిన మెడ పూసలలో ఉండవచ్చు. ఎక్కడినుంచి వచ్చినా చివరకు జరిగేది ఒకటే. ఎముకల నడుమ భద్రంగా ఉండవలసిన వెన్నుపాము నలిగిపోతుంది. ఈనాడు నేను మీకు ముఖ్యంగా చెప్పదలచినది ఇదే: వెన్నుపాము నలుగుతున్నప్పుడు కాలమే అన్నిటికంటే విలువైనది. నడవగలిగిన స్థితిలో వైద్యుని వద్దకు వచ్చినవాడు నడుస్తూ ఇంటికి తిరిగి వెళ్ళే అవకాశం ఎక్కువ. మంచం పట్టిన తరువాత వచ్చినవానికి ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది.

వెన్నుపాము అంటే ఏమిటి

మెదడు క్రింది భాగం నుంచి మొదలై నడుము పైభాగం వరకు దిగే నరాల త్రాడు వెన్నుపాము. దాని పొడవు పెద్దవారిలో సుమారు 45 సెంటీమీటర్లు. లావు మన చిటికెన వ్రేలంత. చేతులను, కాళ్ళను కదిలించమని మెదడు పంపే ఆజ్ఞలన్నీ దాని గుండానే దిగుతాయి. వేడి, నొప్పి, స్పర్శ వంటి సమాచారమంతా దాని గుండానే పైకి పోతుంది. మలమూత్రాల మీద మనకు ఉన్న అదుపు కూడా దాని పుణ్యమే.

ఇంత సున్నితమైన త్రాడును కాపాడటానికి ప్రకృతి ఎముకల గొట్టం వంటి ఏర్పాటు చేసింది. మెడలో 7, వీపులో 12, నడుములో 5 పూసలు ఒకదానిమీద ఒకటి నిలిచి ఉంటాయి. వాటి వెనుక భాగంలోని రంధ్రాలన్నీ కలిసి ఒక కాలువగా ఏర్పడతాయి. ఆ కాలువలో వెన్నుపాము ఉంటుంది. పూసకూ పూసకూ నడుమ డిస్కు అనే మెత్తని బిళ్ళ ఉంటుంది. పూసలను లిగమెంట్లు అనే గట్టి పట్టీలు కట్టిపట్టి ఉంచుతాయి.

ఈ ఏర్పాటులో ఒక చిక్కు ఉంది. గట్టి గోడల కాలువ సాగదు. లోపలికి ఏదైనా చొచ్చుకు వస్తే, తప్పుకోవడానికి వెన్నుపాముకు చోటు ఉండదు. జారిన డిస్కు కావచ్చు, విరిగిన పూస ముక్క కావచ్చు, చీము కావచ్చు, కంతి కావచ్చు, ఎముకగా మారిన పట్టీ కావచ్చు. అది నొక్కినకొద్దీ వెన్నుపాముకు రక్తప్రసరణ తగ్గుతుంది, నరాల మీది పొర దెబ్బతింటుంది, చివరకు నరాలే నశిస్తాయి. చర్మం మీది గాయం మానినట్లుగా వెన్నుపాము తిరిగి పెరగదు. అందుచేత పూర్తిగా నశించక ముందే ఒత్తిడి తొలగించాలి.

ఒక మేస్త్రీ కథ

ఒక మనిషిని ఊహించుకోండి. కనిగిరి ప్రాంతంలో పుట్టి, ఇరవై ఏళ్ళ క్రితం ధర్మపురి వైపు వచ్చి స్థిరపడిన టైల్స్ మేస్త్రీ. వయసు 52. ఏడాది క్రితం మెడ పట్టినట్లు అనిపించింది. నూనె మర్దనతో సరిపెట్టుకున్నాడు. తరువాత చేతివ్రేళ్ళు తిమ్మిరెక్కసాగాయి. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి భార్య సాయం కావలసి వచ్చింది. అన్నం కలుపుతుంటే ముద్ద కుదరడం లేదు. కూలీలకు డబ్బు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు నోట్లు జారిపోతున్నాయి. మరి కొన్ని నెలలకు కాలి చెప్పు తనకు తెలియకుండానే ఊడిపోతోంది. చీకటిలో నడిస్తే తూలుతున్నాడు. తోటివారు త్రాగుడు ఎక్కువైందని నవ్వారు. ఇంట్లోవారు షుగరు అనుకున్నారు. తాను వయసు అనుకున్నాడు. మూత్రం ఆపుకోలేని స్థితి వచ్చినా సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు.

ఇటువంటి మనిషి మన ప్రతి వీధిలోనూ ఉండవచ్చు. ఆయనకు వచ్చిన ప్రతి లక్షణమూ మెడలో వెన్నుపాము నలుగుతున్నదని చెబుతూనే ఉంది. నొప్పి పెద్దగా లేకపోవడం వలననే ఆయన మోసపోయాడు. వెన్నుపాము నొక్కుకుంటే విపరీతమైన నొప్పి ఉంటుందని చాలామంది అనుకుంటారు. మెడలో నెమ్మదిగా వచ్చే ఒత్తిడిలో నొప్పి స్వల్పంగా ఉండవచ్చు, అసలు ఉండకనే పోవచ్చు.

కావున ఈ సూచనలను గుర్తుంచుకోండి. ఒకటి, చేతుల నేర్పు తగ్గడం: బొత్తాలు, సూది, నాణేలు, సెల్‌ఫోను మీటలు చేతికి లొంగకపోవడం. రెండు, కాళ్ళు బిగుసుకుపోయినట్లు, బరువెక్కినట్లు ఉండి నడక తడబడటం, మెట్లు దిగడానికి భయం. మూడు, మెడ ముందుకు వంచినప్పుడు వెన్ను వెంట కరెంటు షాకు వంటి జలదరింపు. నాలుగు, ఛాతీకో పొట్టకో పట్టీ బిగించి కట్టినట్లు అనిపించడం, దాని క్రింద స్పర్శ తగ్గడం. ఐదు, మూత్రం రావడానికి ఆలస్యం కావడం లేదా ఆపుకోలేకపోవడం, మలబద్ధకం కొత్తగా మొదలు కావడం. వీటిలో ఏ రెండు కనిపించినా వాయిదా వేయకండి.

వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది. దాని క్రింద గుర్రపు తోక వెంట్రుకల వలె నరాల కట్ట వ్రేలాడుతుంది. నడుములో పెద్ద డిస్కు జారితే ఆ కట్ట నలుగుతుంది. అప్పుడు రెండు కాళ్ళలోనూ బాధ, గుదము, మర్మావయవాల చుట్టూ, అంటే సైకిలు సీటు తగిలే భాగమంతటా తిమ్మిరి, మూత్రం బిగబట్టడం కనిపిస్తాయి. ఇది అత్యవసర స్థితి. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. సాధారణంగా 48 గంటల లోపల, వీలైతే ఇంకా ముందే, శస్త్రచికిత్స చేయడానికి వైద్యులు ప్రయత్నిస్తారు. మంచి రోజు చూసుకుని, ఊరికి పోయి చేయించుకుందామనే ఆలోచన ఇక్కడ పనికిరాదు.

నీటి నుంచి వచ్చిన కష్టం

మన మేస్త్రీ పుట్టిన ఊరినీ, స్థిరపడిన జిల్లానూ కావాలనే చెప్పాను. ఆ రెండు ప్రాంతాల భూగర్భజలానికీ ఒకే దోషం ఉంది, ఫ్లోరైడు.

1930 దశకం ఆరంభంలో, ఆనాటి మద్రాసు రాజధానికి చెందిన నెల్లూరు జిల్లాలో రైతులు తమ ఎద్దులు కీళ్ళు బిగుసుకుని నడవలేకపోవడం గమనించారు. కొన్నేళ్ళకు మనుషులలోనూ అదే కనిపించింది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్‌ను గురించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ప్రకటించారు. మన దేశంలో మనుషుల ఫ్లోరోసిస్‌ను గురించి వెలువడిన తొలి వివరణలలో అది ఒకటి. అంటే ఈ వ్యాధిని ముందుగా పసిగట్టినవారు తెలుగు రైతులు. తరువాతి కాలంలో నల్గొండ జిల్లా ఈ వ్యాధికి దేశమంతటా పేరు మోసింది. అక్కడి రోగులలో వెన్నుపాము ఎలా నలుగుతున్నదో హైదరాబాదుకు చెందిన న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి గారు దీర్ఘకాలం పరిశోధించి వైద్యలోకానికి తెలియజేశారు.

ఫ్లోరైడు చేసే పని ఇది. ఏళ్ళ తరబడి అధికంగా ఒంట్లోకి చేరిన ఫ్లోరైడు ఎముకలలో పేరుకుంటుంది. పూసలు లావెక్కుతాయి. వాటిని కట్టిపట్టే పట్టీలు గట్టిపడి ఎముకగా మారతాయి. గోడలు లోపలికి పెరిగిన ఇంటిలా వెన్నుకాలువ ఇరుకైపోతుంది. సాధారణంగా పది, ఇరవై ఏళ్ళు ఆ నీరు త్రాగిన తరువాత, పని చేయవలసిన నడి వయసులో కాళ్ళు బిగుసుకుపోవడం మొదలవుతుంది. ఒకసారి పేరుకున్న దానిని కరిగించే మందు లేదు. శస్త్రచికిత్స సాధ్యమే అయినా, రాయి వలె గట్టిపడిన ఎముకను తొలగించడం మామూలు డిస్కు ఆపరేషన్ కంటే కష్టమైన పని. కావున నివారణే మేలు.

మన దేశపు ప్రమాణాల ప్రకారం త్రాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చు. వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలోని ఎన్నో బోర్లలో ఇది మించి ఉన్నందువల్లనే జపాన్ అంతర్జాతీయ సహకార సంస్థ రుణ సాయంతో హొగెనకల్ నుంచి కావేరి జలాలను తెచ్చే పథకం చేపట్టి, 2013లో ప్రారంభించారు. ఆ పథకం పేరులోనే ఫ్లోరోసిస్ నివారణ అనే మాట ఉన్నది. మీ ఇంటికి ఆ నీరు వస్తున్నట్లయితే, త్రాగడానికీ వంటకూ దానినే వాడండి. బోరు నీటిని స్నానానికి, బట్టలకు ఉంచుకోండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. నీటిని కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గడం వలన దాని పాలు కొంచెం పెరుగుతుంది కూడా. క్రిములు చావడానికి కాచడం మంచిదే కాని, ఫ్లోరైడుకు అది మందు కాదు. ఆర్.ఓ. యంత్రం ఫ్లోరైడును చాలావరకు తగ్గిస్తుంది. కట్టడాల వద్ద పనిచేసేవారు అక్కడి బోరు నీరే నెలల తరబడి త్రాగుతూ ఉంటారు. ఆ నీటిని పరీక్ష చేయించమని మేస్త్రీని, గుత్తేదారును అడగడం తప్పు కాదు. తమిళనాడు నీటి సరఫరా, మురుగునీటి పారుదల బోర్డుకు జిల్లాలలో పరీక్షాశాలలు ఉన్నాయి. పిల్లల పళ్ళ మీద తెల్లని సున్నపు మచ్చలు, గోధుమరంగు గీతలు కనిపిస్తే ఆ నీటిని వెంటనే పరీక్ష చేయించాలి. ఆ పళ్ళు ఇంటిల్లిపాదికీ ముందుగా వచ్చిన హెచ్చరిక.

క్షయ వెన్నులో దాగినప్పుడు

క్షయ అంటే దగ్గు, ఊపిరితిత్తులు మాత్రమే అనుకుంటాం. అదే క్రిమి రక్తం ద్వారా వెన్నుపూసలకు చేరితే పూసను తినివేస్తుంది. పూస కుంగి, చీము చేరి వెన్నుపాము మీద పడుతుంది. 1779లో ఇంగ్లండు శస్త్రవైద్యుడు పర్సివాల్ పాట్ ఈ వ్యాధి వలన కాళ్ళు పడిపోవడాన్ని వర్ణించాడు. నేటికీ దీనిని ఆయన పేరుతో పిలుస్తారు. వారాల తరబడి తగ్గని వెన్నునొప్పి, సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు, తూకం తగ్గడం, వెన్ను మీద ఒకచోట గూను పొడుచుకు రావడం దీని గుర్తులు.

ఆశాజనకమైన విషయం ఏమంటే, ఒత్తిడి కలిగించే వ్యాధులలో మందులతోనే బాగా లొంగేది ఇదే. మద్రాసులోని క్షయ పరిశోధన కేంద్రం వెన్ను క్షయ మీద జరిపిన అధ్యయనంలో, మంచం పట్టని స్థితిలో ఉన్న రోగులకు పెద్ద ఆపరేషన్ లేకుండా, ఇంటి వద్దనే ఉంటూ మందులు వాడటం చక్కగా పనిచేస్తుందని తేలింది. కాళ్ళు బలహీనపడుతున్నవారికి, పూసలు బాగా కుంగినవారికి, మందులు వాడుతున్నా తగ్గనివారికి శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

వెన్ను క్షయకు మందులు సాధారణంగా ఏడాది పాటు, అవసరమైతే 18 నెలల వరకు వాడాలి. మన వలస కుటుంబాలలో చిక్కు వచ్చేది ఇక్కడే. సంక్రాంతికి ఊరికి పోతారు, కోతలకు పోతారు, పని మారి మరో ఊరికి పోతారు. మందుల డబ్బా ఇక్కడే ఉండిపోతుంది. రెండు నెలలు మానేస్తే క్రిమి మొండిదై తిరిగి వస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయ మందులు ఉచితం. మీ పేరు నిక్షయ్ అనే జాతీయ నమోదులో ఉంటుంది. ఆ నంబరు ఉంటే మీ చికిత్సను ధర్మపురి నుంచి ఒంగోలుకో, మహబూబ్‌నగర్‌కో బదిలీ చేయించుకోవచ్చు. పోషకాహారం కోసం చికిత్స కాలంలో నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసే ఏర్పాటు కూడా ఉన్నది. ప్రయాణానికి ముందు వైద్యశాలకు వెళ్ళి చెప్పండి. చెప్పకుండా పోవద్దు.

క్యాన్సర్, వయసు

రొమ్ము, ఊపిరితిత్తులు, ప్రోస్టేటు గ్రంథి వంటి చోట్ల పుట్టిన క్యాన్సర్ వెన్నుపూసలకు ప్రాకవచ్చు. ఇంతకు ముందు ఎప్పుడైనా క్యాన్సర్ చికిత్స పొందినవారికి కొత్తగా వెన్నునొప్పి వచ్చి, అది పడుకుంటే ఎక్కువవుతూ రాత్రి నిద్ర చెడగొడుతుంటే, అది మామూలు నొప్పి అనుకోకూడదు. కాళ్ళలో బలహీనత కూడా మొదలైతే అదే రోజు వైద్యునికి చూపాలి. 2005లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఒక అధ్యయనంలో, ముందుగా శస్త్రచికిత్స చేసి తరువాత రేడియేషన్ ఇచ్చినవారిలో 84 శాతం మంది నడవగలిగారు. రేడియేషన్ మాత్రమే ఇచ్చినవారిలో 57 శాతం మంది నడవగలిగారు. ఏ రోగికి ఏది తగునో వైద్యులు నిర్ణయిస్తారు. వారికి ఆ అవకాశం ఇవ్వడం మన చేతిలో ఉన్నది.

వయసుతో డిస్కులు అరిగి, పూసల అంచులలో ఎముక పెరిగి మెడలో కాలువ ఇరుకు కావడం చాలా సాధారణం. బరువులు తలమీద మోసేవారు, ఎక్కువసేపు మెడ వంచి పనిచేసేవారు మెడ విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి.

కనుమలో బండి బోల్తా పడినప్పుడు

ఇక తొప్పూరు దారి సంగతి. డ్రైవరు సోదరులకు ముందుగా ఒక మాట. డీజిలు మిగులుతుందని దిగుడులో బండిని న్యూట్రల్‌లో వేయకండి. చిన్న గేరులో, ఇంజను పట్టుతో దిగండి. సీటు బెల్టు పెట్టుకోండి. మిగిలిన డీజిలు ఒక మెడకు వెల కాదు.

ప్రమాదం కళ్ళెదుట జరిగితే మనవారు పరుగున వెళ్తారు. అది మన మంచితనం. కాని ఆదుర్దాలో భుజాలొకరు, కాళ్ళొకరు పట్టి లేపి, ఆటోలో ముడుచుకుని కూర్చోబెట్టి తీసుకుపోతాం. మెడ విరిగినా వెన్నుపాము తెగని మనిషికి, ఆ లేపడంలోనే అది తెగిపోవచ్చు. కావున ఈ క్రమం పాటించండి.

ముందుగా 108కి ఫోను చేయండి. కిలోమీటరు రాయి నంబరు, ఏ వైపు రోడ్డో చెప్పండి. నిప్పు అంటుకునే ప్రమాదం, వెనుకనుంచి బండ్లు వచ్చి కొట్టే ప్రమాదం లేకపోతే, గాయపడినవారిని ఉన్నచోటనే ఉంచండి. ఊపిరి ఆడుతున్నదో లేదో చూడండి, రక్తం కారుతుంటే గుడ్డతో గట్టిగా అదమండి. ఒకరు తల వద్ద మోకరిల్లి, రెండు చేతులతో తలను కదలకుండా, శరీరానికి సూటిగా పట్టుకోండి. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగకండి. వాంతి వస్తే తలను మాత్రమే తిప్పకుండా, ముగ్గురు నలుగురు కలిసి ఒంటినంతా ఒక దుంగను దొర్లించినట్లు ఒకేసారి ప్రక్కకు తిప్పండి. తప్పనిసరిగా కదపవలసి వస్తే ఒక పలక మీదకు అదే విధంగా చేర్చండి. కూర్చోబెట్టవద్దు. నీళ్ళు త్రాగించవద్దు.

పోలీసు కేసు అవుతుందనే భయం వద్దు. గాయపడినవారికి సాయపడినవారిని వేధించకుండా 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలను ఖాయం చేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనూ ఆ రక్షణ చేర్చారు. డబ్బు భయమూ వద్దు. తమిళనాడు ప్రభుత్వం 2021 డిసెంబరు 18న 'ఇన్నుయిర్ కాప్పోం – నమ్మై కాక్కుం 48' అనే పథకం ప్రారంభించింది. ఈ రాష్ట్ర హద్దులలో రోడ్డు ప్రమాదానికి గురైనవారు ఏ రాష్ట్రం వారైనా సరే, నమోదైన ఆసుపత్రులలో మొదటి 48 గంటల చికిత్స ఉచితం. 2025లో కేంద్ర ప్రభుత్వం కూడా ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల మేరకు నగదు లేని చికిత్సను ప్రకటించింది. ఆంధ్రవాడినని, తెలంగాణవాడినని వెనుకంజ వేయకండి.

ఇక్కడ కూడా కాలమే ముఖ్యం. మెడలో వెన్నుపాము గాయపడినవారి మీద జరిగి 2012లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, 24 గంటల లోపల ఒత్తిడి తొలగించిన రోగులలో సుమారు 20 శాతం మంది బాగా కోలుకున్నారు. ఆలస్యంగా శస్త్రచికిత్స జరిగినవారిలో అది సుమారు 9 శాతమే.

ఆసుపత్రిలో ఏమి జరుగుతుంది

వైద్యుడు మోకాలి మీద చిన్న సుత్తితో తట్టి చూస్తాడు, అరికాలు గీస్తాడు, నడిపిస్తాడు. వెన్నుపాము నలిగిన గుర్తులు అక్కడనే చాలావరకు తెలుస్తాయి. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది కాని వెన్నుపాము కనిపించదు. దానిని చూపేది ఎం.ఆర్.ఐ. పరీక్ష. కావున ఎక్స్‌రే బాగుందన్నారని తృప్తి పడి, లక్షణాలు పెరుగుతున్నా ఊరుకోకండి. ధర్మపురిలోనూ, సేలంలోనూ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రులు ఉన్నాయి. అవసరమైతే అక్కడినుంచి పై ఆసుపత్రులకు పంపుతారు.

భాష రాక బాధ చెప్పుకోలేని ఇబ్బంది మనకు ఉంటుంది. ఈ నాలుగు తమిళ మాటలు నేర్చుకోండి. కాళ్ళు తిమ్మిరెక్కాయి అనడానికి 'కాల్ మరత్తు పోచ్చు'. నడవలేకపోతున్నాను అనడానికి 'నడక్క ముడియల'. మూత్రం రావడం లేదు అనడానికి 'సిరునీర్ వరల'. కింద పడ్డాను అనడానికి 'కీళ విళుందుట్టేన్'. మూత్రం సంగతి దాచకండి. ఆడవారు ముఖ్యంగా దాచుకుంటారు. వైద్యుడు తొందరపడవలసిన అవసరాన్ని తెలిపేది తరచుగా ఆ ఒక్క మాటే.

వెన్నుకు ఆపరేషన్ చేస్తే కాళ్ళు పడిపోతాయనే భయం మన ఇళ్ళలో బలంగా ఉన్నది. దానిని తేలికగా కొట్టివేయను. రక్తస్రావం, చీము పట్టడం, అరుదుగా బలహీనత పెరగడం వంటి ప్రమాదాలు ఉన్నాయి. వాటిని గురించి వైద్యుని అడిగి తెలుసుకోవడం మీ హక్కు. కాని కాళ్ళు పడిపోయిన చాలామందిలో అందుకు కారణం ఆపరేషన్‌కు ముందే జరిగిన ఆలస్యం. మెడలో ఒత్తిడి స్వల్పంగా ఉంటే, వ్యాయామ చికిత్సతో, క్రమం తప్పని పరీక్షలతో కనిపెట్టి ఉండవచ్చు. ఒత్తిడి ఒక మోస్తరుగానో, తీవ్రంగానో ఉంటే శస్త్రచికిత్సే తగినదని నిపుణుల అభిప్రాయం. ముందునుంచో, వెనుకనుంచో కాలువను విశాలం చేసి, కావలసివస్తే కడ్డీలు, స్క్రూలతో పూసలను నిలబెడతారు. దాని మొదటి ఉద్దేశం ఉన్న శక్తి పోకుండా ఆపడం. కోలుకోవడం తరువాత నెలల మీద నెమ్మదిగా జరుగుతుంది. పోయినదంతా తిరిగి రాకపోవచ్చు.

ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పోవడం మన వాడుక. చేయి, కాలు సంగతి ఎలా ఉన్నా, కాళ్ళు బలహీనపడిన వెన్ను దెబ్బకు కట్టుతో, మర్దనతో మేలు జరగదు. మెడను విరిచి చప్పుడు చేయించుకోవడం అసలే వద్దు. నొప్పి చల్లారుతుందని ఎవరో వేసే స్టెరాయిడ్ ఇంజక్షన్లు జబ్బును కప్పిపుచ్చుతాయి. క్షయ ఉన్నవారిలో దానిని పెంచవచ్చు కూడా.

కాళ్ళు తిరిగి రాకపోతే

ఆలస్యంగా వచ్చినవారిని, తీవ్రంగా గాయపడినవారిని గురించి కూడా మాట్లాడాలి. వారి జీవితం ముగిసిపోలేదు. 1954లో వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాలకు చెందిన యువ వైద్యురాలు మేరీ వర్గీస్ గారు కారు ప్రమాదంలో వెన్ను విరిగి రెండు కాళ్ళూ కోల్పోయినంత పని అయింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. తరువాత పునరావాస వైద్యం చదివి వచ్చి వెల్లూరులో ఆ విభాగాన్ని నడిపారు. 1966లో అక్కడ వెన్నుపాము గాయపడినవారి కోసం పునరావాస కేంద్రం వెలసింది. చిత్తూరు, నెల్లూరు జిల్లాల తెలుగువారికి వెల్లూరు కొత్త ఊరు కాదు.

ఇంటి వద్ద చేయవలసినది ముఖ్యంగా మూడు పనులు. మంచంలో ఉన్నవారిని ప్రతి రెండు గంటలకు ఒక ప్రక్కనుంచి మరొక ప్రక్కకు తిప్పాలి. లేకపోతే పడక పుండ్లు పడతాయి. స్పర్శ లేనందున వారికి నొప్పి తెలియదు. రోజూ పిరుదులు, మడమలు కళ్ళతో చూడాలి. రెండవది, మూత్రాశయం. వైద్యశాలలో నేర్పిన పద్ధతిలో, శుభ్రమైన చేతులతో, వేళకు మూత్రం తీయాలి. నిర్లక్ష్యం చేస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మూడవది, కీళ్ళు బిగుసుకోకుండా రోజూ కదిలించడం. ఈ పనులు నిపుణులకే సాధ్యమైనవి కావు. ఓపిక గల భార్య, కొడుకు, చెల్లెలు చేయగలరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం క్రింద గుర్తింపు కార్డు పొందితే ఎన్నో సౌకర్యాలకు అర్హత లభిస్తుంది. చికిత్స ముగియగానే దానికి దరఖాస్తు చేయండి.

తిరిగి మన మేస్త్రీ వద్దకు వద్దాం. చెప్పు జారిపోయిన మొదటి రోజుననే ఎవరైనా, "అన్నా, ఇది వయసు కాదు, రేపు పని మానుకొని ఆసుపత్రికి పోదాం రా" అని ఉంటే ఆయన కథ వేరుగా నడిచేది. ఒక రోజు కూలి పోతుందని ఆయన వెనుకాడాడు. ఆ ఒక్క రోజు ఆదాచేసి ఆయన పోగొట్టుకోబోయేది మిగిలిన జీవితపు కూలి. పొరుగు రాష్ట్రంలో ఉన్న మనకు అక్కడ తాత, ఇక్కడ మామ ఉండి చెప్పేవారు తక్కువ. కావున ఒకరికొకరం చెప్పుకోవలసినవారం మనమే. ఈ సాయంకాలం ఇంటికి వెళ్ళి, మీ వీధిలో తూలుతూ నడిచే మనిషి ఎవరైనా ఉంటే, నవ్వకుండా ఒక్కసారి పలకరించండి. చొక్కా బొత్తాలు ఎవరు పెడుతున్నారని అడగండి.